తొలికృతియు, దాని తెగువయు

గ్రంథము వ్రాసినవారిని గుఱించి విమర్శకులు వ్రాయుట పరిపాటి. వ్రాయగోరియు ఎన్నడును కలము పట్టనివారిని గుఱించి వ్రాసినవారు అరుదు. వారి గ్రంథములే లేవు గనుక వారితో విమర్శకునకు పనియేమి యని తలంతురు. కాని యొక సీమయొక్క సారస్వతస్థితిని తెలిసికొనవలెనన్నచో వెలువడిన పుస్తకములను లెక్కించినంత మాత్రమున చాలదు. వెలువడక నిలిచిపోయినవి ఎందుచేత నిలిచిపోయినవో అదియు విచారింపవలెను. పంట ఎంత వచ్చినదని మాత్రమే అడుగక, విత్తనము ఎన్ని చేలలో మొలవక పోయినదని కూడ రైతు అడుగును గదా. విమర్శకుడును అట్లే అడుగవలసియున్నది.

ముదిగుబ్బను తీసికొందము. అనంతపురమునుండి కదిరికి పోవు బాటపై నున్న యీ యూరు నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో నొక మండలకేంద్రము. వానను నమ్మి బుడ్డలు విత్తు నేల యిది. కఱవన్న నేమో యిచ్చటివారికి ఎవ్వరును పాఠము చెప్పనక్కఱలేదు. ఇట్టి యూళ్లలో పాట కట్టగలవారు, కథ చెప్పగలవారు, బొమ్మ వేయగలవారు లేకపోలేదు. పాఠశాల నోటుపుస్తకపు చివరిపుటలలో నాలుగు పద్యములు వ్రాసి చించివేసినవారును, చేతిలోని ఫోనులో కథ వ్రాసికొని యెవ్వరికిని చూపకయే చెఱిపివేసినవారును ఉండకపోరు. వీరికి శక్తి లేదని చెప్పుటకు మన యొద్ద ఆధారము లేదు. ఏలయన, శక్తి తెలియుటకు ముందు ప్రారంభము కావలెను. ఆ ప్రారంభమే యిచ్చట లోపించినది.

ఏల ప్రారంభింపలేదని యడిగినచో వచ్చు ప్రత్యుత్తరములు సామాన్యముగా మూడు. మా యూరిలో వ్రాయదగినదేమున్నది యనునది మొదటిది. నలుగురు నవ్వుదురనునది రెండవది. నేనింకను అంత చదివినవాడను కాను, మఱికొంత కాలము పోనిండు అనునది మూడవది. మొదటిది వస్తువును గూర్చిన భయము. రెండవది లోకమును గూర్చినది. మూడవది తన్ను గూర్చినది. వీనికి సమాధానము వెదకుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. ముదిగుబ్బనుండి యొక పూట ప్రయాణములో నున్న మూడూళ్లు మూడు సమాధానములను దాచియుంచినవి. అవి బుక్కరాయసముద్రము, ధర్మవరము, పెనుకొండ.

బుక్కరాయసముద్రము అనంతపురమునకు ఆనుకొనియున్నది. చెఱువు పేరే ఊరి పేరు. ఆ చెఱువుకట్ట తెగనున్నప్పుడు ముసలమ్మ యను రైతుకోడలు ఊరిని కాచుటకై తన ప్రాణమర్పించెనని అచ్చటివారు చెప్పుకొందురు. పేరు ముసలమ్మయే గాని ఆమె వయస్సున చిన్నది. ఈ కథను కట్టమంచి రామలింగారెడ్డి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచున్న కాలమున కావ్యముగా రచించెను. 1880లో పుట్టిన ఆయనకు అప్పటికి ఇరువదేండ్లు నిండలేదు. ఆంధ్రభాషాభిరంజని సమాజమువారి పోటీకై వ్రాయబడి బహుమానమొందిన ఆ 'ముసలమ్మ మరణము' 1900లో పుస్తకరూపమున వెలువడెను.

అంతవఱకు కావ్యనాయిక యన్నచో రాజపుత్రికయో దేవకన్యయో కావలయునని కవులును చదువరులును ఏకవాక్యముగా నమ్మియుండిరి. ఈ విద్యార్థి యొక కాపుటింటి కోడలిని తెచ్చి ఆ పీఠముపై కూర్చుండబెట్టెను. కథకు మంగళాంతము కూడ లేదు, పేరులోనే మరణమున్నది. నవ్యకవిత్వమునకు తొలిజాడలు వెదకువారు ఈ చిన్నపుస్తకమును నేటికిని తలంచుచుండుటకు కారణమిదియే.

దోషములు లేవా యన్నచో, ఉన్నవి. వస్తువు క్రొత్తది గాని పద్యముల నడక ప్రాచీనుల నడకయే. కోడలి త్యాగమును కీర్తించుటయందు కవి పెట్టిన మనస్సు, ఆ త్యాగమును కోరిన ఆచారమును నిలదీయుటయందు పెట్టలేదు. ఊరి ఆపదకు ఇంటి చిన్నకోడలే ఏల మూల్యము చెల్లింపవలెనని నేటి చదువరి యడుగును, అడుగవలెను కూడ. అయినను ఆ ప్రశ్న నడుగుటకు మనకు చోటు కల్పించినది ఆ కావ్యమే. ఆమెను నాయికగా నిలుపకపోయినచో ఆమె కొఱకు మన మడుగు ప్రశ్నయు పుట్టదు.

ఇచ్చట ముదిగుబ్బవారు గమనింపవలసిన దొకటి కలదు. రామలింగారెడ్డి అనంతపురమువాడు కాడు; చిత్తూరు చేరువనున్న కట్టమంచివాడు. ఎద్దులకు నీరు పెట్టుటకును, మళ్లు తడుపుటకును నిత్యము చూచుచున్న చెఱువులో నొక కావ్యము మునిగియున్నదని చెప్పుటకు వేఱొక సీమనుండి విద్యార్థి రావలసివచ్చెను. మా యూరిలో వ్రాయదగినదేమున్నదను మాటకు అర్థము ఊరిలో ఏమియు లేదని కాదు. దగ్గఱనున్నదానిని వస్తువుగా చూచుటకు కన్ను అలవాటుపడలేదని మాత్రమే.

ఇక రెండవ భయమునకు వత్తము. ముదిగుబ్బకు పడమటనున్న ధర్మవరము నేడు పట్టుచీరలకు పేరుపొందినది. ధర్మవరము రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టిన దచ్చటనే. అనంతపురము ప్రత్యేకజిల్లాయై బళ్లారినుండి విడివడినది 1882లో. కావున ఆయన పుట్టిననాటికి ఈ ప్రాంతమంతయు బళ్లారి జిల్లాయే. ఆయన బళ్లారిలో న్యాయవాదిగా జీవనము చేసెను. ముప్పదియేండ్లు దాటిన పిదప, 1880ల ఉత్తరార్ధమున, నలుని కథను తీసికొని 'చిత్రనళీయము' అను నాటకమును వ్రాసి, సరసవినోదినీసభ యను సమాజమును పెట్టి, దానిని ఆడించెను. ఆడించుటయే గాక తానును వేషము కట్టెను.

ఇందలి తెగువ నేటివారికి వెంటనే బోధపడదు. ఆ కాలమున వేషము కట్టుట పెద్దకుటుంబములవారికి తగని పనిగా నెంచబడుచుండెను. అది భాగవతులాటవారి బ్రతుకుతెఱువు, చదివినవారికి చిన్నతనము. న్యాయవాదికి ఈ మాట మఱింత వాడిగా తగులును. పగలు కచేరిలో న్యాయాధిపతియెదుట నిలిచి వాదించు మనుష్యుడు రాత్రి మొగమునకు రంగు పూసికొని పాడినచో, కక్షిదారులు ఏమనుకొందురో యను వెఱపు కడుపునకు సంబంధించిన వెఱపు. నలుగురు నవ్వుదురను మాటను మన మెంత తేలికగా కొట్టివేసినను, ఆ నవ్వునకు అన్నము తీసివేయు శక్తి కూడ కొన్ని యెడల కలదు. రామకృష్ణమాచార్యులు వకీలుపనిని మానలేదు, నాటకమును మానలేదు. రెంటిని ఒకే బండికి కట్టి నడపెను. సర్వమును త్యజించినవాడే కళాజీవి కాగలడను నమ్మకము పలువురను ప్రారంభమునకే దూరము చేయుచున్నది. ఆయన యుదాహరణము ఆ నమ్మకమును త్రోసివేయుచున్నది.

ఆయన నాటకములను నేడు చదువునప్పుడు విసువు కలుగు ఘట్టము లున్నవి. పద్యములును పాటలును మితిమీఱినవి. దుఃఖముతో కుములు పాత్ర కూడ రాగము తీయకుండ బయటికి పోదు. ఈ పద్యనాటకపు తీరు తరువాత తెలుగు రంగస్థలమును చిరకాలము పట్టుకొనియుండెను; దాని మంచికిని చెడ్డకును ఆయన బాధ్యుడే. కాని ఆయనయే 'విషాదసారంగధర' నాటకమును దుఃఖాంతముగా ముగించి, నాటకము శుభముతోనే ముగియవలెనను పాతకట్టడిని తెలుగున ధిక్కరించెను. సుమారు ముప్పది నాటకములు వ్రాసి, ఆంధ్రనాటకపితామహుడను బిరుదము పొంది, 1912లో గతించెను.

ఆయన తెగువయొక్క ఫలము ఆయన గ్రంథములలోనే వెదకరాదు. బళ్లారిలోనే కోలాచలము శ్రీనివాసరావు సుమనోరమసభకు ప్రాపుగా నిలిచి చారిత్రకనాటకములు వ్రాసెను. రామకృష్ణమాచార్యులకు మేనల్లుడైన బళ్లారి రాఘవ, 1880లో తాడిపత్రిలో పుట్టి, తానును న్యాయవాదియై, మేనమామ తెఱచిన రంగస్థలముపై నిలిచి దేశమంతట కీర్తి గడించెను. పాటల జోరును తగ్గించి భావమునకు ప్రాధాన్యమీయవలెననియు, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెననియు రాఘవ పట్టుపట్టెను. మేనమామ నాటకములలోని లోపమును మేనల్లుడు దిద్దెనన్నమాట. ఒకడు ముందుగా నవ్వులపాలగుటకు ఒప్పుకొన్నచో రెండవవానికి ఆ నవ్వు సగము తగ్గును. మూడవవానికి అది చప్పట్లుగా మాఱును. కావున తొలికృతిలోని దోషము తొలికర్తతోనే నశింపనక్కఱలేదు; దానిని దిద్దువాని రాకకు అదియే త్రోవ కావచ్చును.

మూడవ భయము తన్ను గూర్చినది. ఇది చూచుటకు వినయమువలె నుండును గనుక మిగిలిన రెంటికంటె ప్రమాదకరము. దీనికి సమాధానము పెనుకొండలో నున్నది. 1565లో రాక్షసతంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిదప తిరుమలరాయడు రాజధానిని మార్చుకొన్న కొండ యిది. కోటగోడలును, గగనమహలును, పాడువడిన కట్టడములును ఆ పెనుకొండలో పెరిగిన బాలురందఱకును ఆటస్థలములు. ఆ బాలురలో నొకడు పుట్టపర్తి నారాయణాచార్యులు. 1914లో అనంతపురము చేరువనున్న చియ్యేడులో పుట్టి, పెనుకొండలో చదువుకొని, పదునాలుగేండ్ల ప్రాయముననే ఆ శిథిలములను చూచి 'పెనుగొండలక్ష్మి' అను పద్యకావ్యమును వ్రాసెను.

పదునాలుగేండ్లవానికి రాజ్యపతనమును గూర్చి స్వానుభవమేమి యుండును? లేదు. అందుచేత ఆ కావ్యమున పూర్వవైభవమును తలచి వగచుట యెక్కువ. ఆ వైభవము ఎవ్వరి చెమటతో కట్టబడినదో, ఎందుచేత కూలినదో విచారించుట తక్కువ. ఆవేశము ఏఱువలె పొంగును. దానిని గట్లమధ్య నిలుపు నేర్పు తరువాతి వయస్సునకు వచ్చినది. ఇవన్నియు నిజమే. అయినను ఆ బాలుడు తగినవాడనైన తరువాత వ్రాసెదనని కూర్చుండలేదు. పిమ్మట జరిగినది తెలుగు సాహిత్యలోకమున బాగుగా తెలిసిన కథ. ఆయన విద్వాన్ పరీక్షకు పోయినప్పుడు ఆ పరీక్షకు పాఠ్యగ్రంథముగా నున్నది ఆయన వ్రాసిన 'పెనుగొండలక్ష్మి'యే. పండితుడని సంతకము పెట్టిన కాగితము చేతికి రాకముందే ఆయన పద్యములు పండితులు కాగోరువారికి పాఠములైనవి. అర్హత వచ్చిన పిదప ఆరంభింతమనువారికి ఇంతకంటె మంచి సమాధానము దొరకదు. పనికి ముందు అర్హత పుట్టదు, పనిలోనే పుట్టును. 'శివతాండవము' వ్రాసిన నారాయణాచార్యులు తొలుత 'పెనుగొండలక్ష్మి' వ్రాసిన బాలుడే. 1990లో గతించువఱకు ఆయన వ్రాయుట మానలేదు.

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి తెగువ యనునది మూడు మనస్సులలో దానంతట నదియే పుట్టినదని చదువరులు తలంపవచ్చును. అట్లయినచో ఈ వ్యాసము ధైర్యముగా నుండుడని చెప్పి ముగియును. కాని నిజమట్లు లేదు. ఈ మూడు వృత్తాంతములను మఱల తడవి చూడుడు. రామలింగారెడ్డికి బహుమానము పెట్టి వ్రాయుమని పిలిచిన సమాజ మొకటి యుండెను. రామకృష్ణమాచార్యులతో కూడి వేషము కట్టుటకు సిద్ధపడిన మిత్రుల సభ యొకటి యుండెను. నారాయణాచార్యులకు సంస్కృతము నేర్పిన పండితుడైన తండ్రియు, ఆంగ్లసాహిత్యమును రుచి చూపిన పిట్ దొరసానియు పెనుకొండలోనే యుండిరి. ఒంటరిగా ఎవ్వడును ప్రారంభింపలేదు. తెగువలో సగము తనది. తక్కిన సగము ఎవ్వరో అప్పిచ్చినది. మన మొదటి పుటను శ్రద్ధతో చదువు మనుష్యు డొక్కడున్నాడను నమ్మకమే ఆ యప్పు.

ఇక అడుగవలసిన ప్రశ్న, ఆ యప్పు ఎవ్వరికి దొరకలేదని. పై మువ్వురును పురుషులు. చదువు చేతికందిన కుటుంబములవారు. ముసలమ్మ కావ్యమునకు నాయిక యయ్యెను గాని, ఆమెవంటి కోడండ్రు కావ్యమునకు కర్తలు కాలేదు. బుడ్డలు ఒలుచునప్పుడును, కలుపు తీయునప్పుడును, పెండ్లిపందిళ్లలోను ఆడువారు కట్టిన పాటలకు లెక్కలేదు; అందు కర్త పేరు నిలిచిన పాట అరుదు. మాలమాదిగవాడలలో డప్పు కొట్టి, చక్కభజన నడపి, రాత్రులు కథలు చెప్పినవారి నేర్పును ఊరు అక్కఱకు వాడుకొన్నది. కళ యని పిలువలేదు. ఊరు వారి పాటను విన్నది, వారి పేరు నడుగలేదు. వీరికి తెగువ లేదని నిందించుట న్యాయము కాదు. తెగువను అప్పిచ్చువారు వారి వాడకు పోలేదని చెప్పుట న్యాయము.

ఈ యప్పు ఇచ్చుటలో విమర్శకునకు గల పాత్రను చూపుటకు మఱియొక పేరు తలంపక తప్పదు. ముదిగుబ్బనుండి కదిరి దాటిపోయినచో కటారుపల్లె వచ్చును; వేమన సమాధి యచ్చటనే యున్నది. వేమన పద్యము ప్రతి నోటను ఉండెను. పండితుల కవిమాలికలో మాత్రము లేదు. 1829లో బ్రౌనుదొర ఆ పద్యములను సంపాదించి అచ్చువేయించెను. వేమనను కవిగా నిలిపి, గుణమును దోషమును రెంటిని తూచి, నిండుగా విచారించిన కీర్తి ఈ జిల్లావాడే యైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మకు దక్కినది. ఆంధ్రవిశ్వవిద్యాలయము పక్షమున ఆయన 1928లో అనంతపురమున ఇచ్చిన యుపన్యాసములు మఱుసటి యేడు పుస్తకమైనవి. దత్తమండలములన్న పేరు తొలగి ఈ ప్రాంతమునకు రాయలసీమ యన్న పేరు వచ్చినదియు 1928లోనే. ఒక సీమ తన పేరును తాను పెట్టుకొన్న యేటనే తన కవిని తాను గుర్తించుట కాకతాళీయమే కావచ్చును. అయినను అందొక పాఠమున్నది. పాడినవానికి ఎంత తెగువ కావలెనో, ఇది కవిత్వమే యని తొలుత పలుకు విమర్శకునకును అంత తెగువ కావలెను.

కావున తొలికృతిని చేత పట్టుకొన్న విమర్శకుడు ముందుగా తప్పులపట్టిక వ్రాయరాదు. ఈతడు తన కంటితో చూచిన దేది? పూర్వులు విడిచిన దేదైన పట్టుకొన్నాడా? తరువాతివానికి త్రోవ చూపినాడా? ఇవి యడిగిన పిదప ఛందస్సును, వ్యాకరణమును విచారింపవచ్చును. ఇట్లనుటచేత వెన్నతట్టి పంపుమని నా యభిప్రాయము కాదు. చదువకయే మెచ్చుకొనుట చదువకయే నవ్వుటకంటె మేలు కాదు. రెంటియందును చదువుట లోపించినది. శాలువా కప్పి, దండ వేసి, పుస్తకమును విప్పకయే ఇంటికి పంపిన సభవలన క్రొత్తకవికి కలుగు మేలు శూన్యము. "ఈ రెండవ పద్యము నీది, తక్కినవి ఎచ్చటనో చదివినవి. ఈ రెండవదానివంటివి మఱి నాలుగు వ్రాయుము" అని చెప్పగల పెద్దమనిషి యొక్కడుండుట వేయి దండలకంటె ఎక్కువ.

ముదిగుబ్బవారు చేయదగిన పని పెద్దది కాదు. నెలకొక సాయంకాలము పాఠశాలలోనో, గ్రంథాలయములోనో, మరేమియు లేనిచో రచ్చకట్టపైననో పదిమంది కూర్చుండి, ఒక్కరు వ్రాసినది చదువగా తక్కినవారు వినుట. అందు ఆడువారికి అనువైన వేళను నిర్ణయించుట. ఏ వాడలో కూర్చున్నచో కొందఱు రాలేరో ఆ వాడకు ముందుగా తామే పోవుట. అవ్వలు పాడు పాటలను వారి పేర్లతో సహా వ్రాసి యుంచుట. ఇందుకు ప్రభుత్వమువారి ఆజ్ఞ అక్కఱలేదు. ధనికుల విరాళము అక్కఱలేదు. ఆ మండలములోని జలాశయమునకు యోగి వేమన పేరు పెట్టుకొన్నాము. పేరు పెట్టుటతో వేమన ఋణము తీరదు. ఆయనవలె ఉన్నదానిని ఉన్నట్లు చెప్పగోరువారికి వినువారిని సమకూర్చినప్పుడే తీరును.

ఇక వ్రాయగోరువారితో ఒక్క మాట. మీ తొలికృతి గొప్పది కాకపోవచ్చును. పై మూడింటిలోను దోషములున్నవని మనము చూచితిమి. దోషములున్నను అవి వ్రాయబడినవి గనుకనే నేడు వానిని గుఱించి మాటలాడుచున్నాము. వ్రాయబడని నిర్దోషకావ్యమును గుఱించి మాటలాడుటకు ఎవ్వరికిని వీలు లేదు. మీ యూరి చెఱువు, మీ యింటి కోడలు, మీ కొండమీది పాడుగోడ, ఈ యేటి వాన తప్పిన చేను మీ కొఱకు కాచియున్నవి. చించివేయవలెనని తోచిన పుటను ఈ మాఱు చింపక, నమ్మదగిన యొక్కరికి చదివి వినిపింపుడు. వినుమని మీ రడిగినప్పుడు వినుట మా ధర్మము.